మా విద్యార్థిని, 1390

నవంబరు 18, మంగళవారం

నందిగామ బస్టాండు ఎదురుగా నన్ను వేలాడదీశారు.

ఇనుప కంచెకి కట్టిన పెద్ద ఫ్లెక్సీ. పైన సతీష్‌బాబు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. మధ్యలో నా ముఖం. కింద పసుప్పచ్చ అక్షరాలు: ‘మా విద్యార్థిని చి. మహిమకు శాట్ పరీక్షలో 1390. అభినందనలు.’ దాని కింద ఆయన కోచింగ్ సెంటర్ ఫోను నంబర్లు.

మా విద్యార్థిని అట. మార్చిలో 1600కి 1090 వచ్చినప్పుడు నేనెవరి విద్యార్థినినో ఆయన మర్చిపోయి ఉంటాడు. నేను మర్చిపోలేదు. బ్యాచ్ అందరి ముందూ స్కోర్లు చదువుతూ నా దగ్గరికొచ్చి ఆగాడు. ‘‘సర్టిఫికెట్ ఉన్నోళ్ళకి స్కోరు దేనికమ్మా మహిమా. ఊరికే కంగారు పడతావ్.’’ వెనక బెంచీ దాకా నవ్వారు. నేను లేచి నిలబడి ‘‘మీకు కులం లెక్క తప్ప వేరే లెక్కలు రావాండీ’’ అన్నా. మర్నాటి నుంచి రావద్దన్నాడు. వెళ్ళలేదు. జగ్గయ్యపేటలో మా డాబా మెట్ల మీద కూర్చుని అక్టోబరు దాకా ఒక్కదాన్నే చదివా. ఫ్లెక్సీ వెయ్యాలంటే ఆ మెట్లకి వెయ్యాలి.

ఇంతవరకైతే ఓర్చుకునేదాన్నేమో. లేదు, ఓర్చుకునేదాన్ని కాదు.

నా నుదుటి మీద బొట్టు పెట్టారు. గుండ్రంగా, ఎర్రగా, రూపాయి బిళ్ళంత. బుద్ధెరిగాక నేనెప్పుడూ పెట్టుకోలేదు. చర్చికి వెళ్ళే ఇల్లు మాది. విద్యార్థి సంఘం కరపత్రాలు చదవడం మొదలెట్టాక దేవుడితో నాకు మాటలు తగ్గిన మాట నిజమే. అయినా నా నుదురు నాది. ఎవడి సొమ్మని గీశారు?

బస్సులో చిల్లకల్లు టోల్‌గేటు దాటేదాకా పళ్ళు కొరుకుతూనే ఉన్నా. పక్క సీటావిడ నా వైపే చూస్తూ ‘‘ఫోటోలో పిల్లవి నువ్వేనా అమ్మాయ్? అక్కడే బాగున్నావు’’ అంది.


నవంబరు 19, బుధవారం

ఉషశ్రీ ఫోన్ చేసింది. సతీష్‌బాబు బ్యాచ్‌లో నాకు మిగిలిన ఒకే ఒక్క మనిషి. ఆ రోజు నవ్వనిది అదొక్కతే. వాళ్ళ నాన్న బుల్లిబాబు గారికి నందిగామలో ఎరువుల కొట్టు, ఊళ్ళో పొలాలు. శాట్ నాలుగుసార్లు రాసింది.

‘‘నీ ఫ్లెక్సీ చూశానే. బొట్టులో భలే ఉన్నావ్. మా అమ్మమ్మయితే ఎవరి పిల్లో కనుక్కోమంది, సంబంధం చూడ్డానికి.’’

‘‘పెట్టేస్తా ఫోను.’’

‘‘ఆగవే. బెంగళూరు కాలేజీకి స్కోరు పంపావా? నెలాఖరే ఆఖరు.’’

‘‘రెండూ పంపుతున్నా.’’

‘‘రెండూ అంటే? ఆ 1090 కూడానా? ఏ తేదీది పంపాలో మన ఇష్టమేగా, ఎవరడిగారు నిన్ను? నేను నాలుగు రాశా, మూడు పూడ్చిపెట్టా. చీరల కొట్టువాడు చిరుగున్న వైపు పైకి పెట్టి మడతేస్తాడటే?’’

‘‘దాచడం అబద్ధం.’’

‘‘నీ కరపత్రాల భాష నా దగ్గరొద్దు తల్లీ. నీకు సీటు కావాలా, విప్లవం కావాలా?’’

‘‘రెండూ.’’

‘‘రెండూ అన్నదానికి రెండూ పోతాయి’’ అని ఫోను పెట్టేసింది.

దానికేం తెలుసు. విద్యార్థి సంఘం గదిలో దొరికిన కరపత్రంలో ఒక వాక్యం ఉంది. ఈ పుస్తకం మొదటి పేజీలోనే రాసుకున్నా: దాచిన నిజం అబద్ధానికి అద్దె కడుతుంది.


నవంబరు 20, గురువారం

కాలేజీ దరఖాస్తులో ఒక గడి ఉంది. ‘మీ స్కోర్ల గురించి ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?’ చెప్పదలచుకున్నాను. ఎనిమిది నెలలుగా అదే చెప్పదలచుకుని ఉన్నాను.

ఇలా రాస్తా. 1090: సతీష్‌బాబు గారి దగ్గర ఏడాదిపాటు చదివినప్పటిది. 1390: ఆయన తరిమేశాక నాకు నేనుగా చదివినప్పటిది. మధ్యలో తేడా ఆయన ఖరీదు. దానికి ఫ్లెక్సీ ఫోటో జతచేస్తా. క్రైస్తవురాలినైన నా ముఖాన వీళ్ళు బొట్టు దిద్ది అమ్ముకుంటున్నారు చూడండి అని. సెంటర్ పేరూ ఊరూ అన్నీ రాస్తా. బెంగళూరులో ఆయన పేరు అలా మోగాలి. ఈ జిల్లా నుంచి ఇంకెవరు దరఖాస్తు పెట్టినా, సతీష్‌బాబు కోచింగా అని వాళ్ళు నవ్వాలి. నేను నిలబడి ఉండగా బెంచీలు నవ్వినట్టు.

ఇది పగ కాదు. నిజం చెప్పడం.

1090 కనపడితే స్కాలర్‌షిప్పు పోవచ్చు. ట్రస్టువాళ్ళు ఇచ్చే పూర్తి స్కాలర్‌షిప్పు అది, అది లేకపోతే ఆ కాలేజీ గేటు కూడా మాకు అందదు. ‘పంపినవన్నీ చూస్తాం’ అని వాళ్ళు ముందే రాశారు. చూడనీ. నిజాన్ని చూసి భయపడే కాలేజీ నాకెందుకు?

మిగతా కాగితాలు తీసి పెట్టా. మెమోలు, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం. హిందూ, ఎస్సీ అని ఉంటుంది అందులో. క్రైస్తవులని రాస్తే ఎస్సీ పోతుంది. మా పేటలో సగం ఇళ్ళలో కాగితం అలా, ఆదివారం ఇలా. అది వేరే సంగతి.


నవంబరు 22, శనివారం

వెళ్ళా. సెంటర్లో ఆయన గదిలోకి తిన్నగా వెళ్ళి నిలబడ్డా. సోంపు నములుతున్నాడు.

‘‘రా అమ్మా మహిమా. ఫ్లెక్సీ చూశావా? మహాలక్ష్మిలా ఉన్నావు.’’

‘‘తీయించండి.’’

‘‘ఎందుకమ్మా, ఊరంతా చూసి సంతోషిస్తుంటే.’’

‘‘నేను మీ విద్యార్థినిని కాను. 1390 మీది కాదు. మీది 1090. కావాలంటే అది వేసుకోండి.’’

నవ్వాడు. ఆయనకి కోపం రాదు, అదే నాకు ఒళ్ళు మంట. ‘‘విత్తనం మాదే కదమ్మా. నీళ్ళు నువ్వు పోసుకున్నావు. కోతకొచ్చాక పొలం ఎవరిదంటే ఏం చెప్తాం?’’

‘‘బొట్టు ఎవర్నడిగి పెట్టారు? నేను ఒప్పుకోలేదు.’’

‘‘ఒప్పుకోవాల్సినవాళ్ళు ఒప్పుకున్నారులే’’ అని సోంపు డబ్బా నా వైపు జరిపాడు. ‘‘తీసుకో. బెంగళూరు ఫారంలో కోచింగ్ ఎక్కడని అడుగుతారు. మన పేరు రాయి. 1390 ఒక్కటే పంపు. ఆ పాతది ఎందుకు, కడిగేసుకో.’’

ఒప్పుకోవాల్సినవాళ్ళు అంటే ఆయనా, ఆయన వ్యాపారంలో డబ్బు పెట్టినవాళ్ళూ. నా నుదుటికి వీళ్ళు కమిటీ.

కడిగేసుకోవాలట. ఇప్పుడు రెండూ పంపి తీరతా.


నవంబరు 23, ఆదివారం

అమ్మతో చర్చికి వెళ్ళా. చాలా రోజులైంది. కోపంలో ఉన్నప్పుడు పాటలు బాగా పాడతాను.

అమ్మ వీరులపాడు మండలంలో సర్కారు బళ్ళో టీచరు. బడికి వెళ్ళేటప్పుడు అద్దం వెనక అంటించిన స్టిక్కరు బొట్టొకటి తీసి పెట్టుకుంటుంది. ఇంటికి రాగానే తీసి మళ్ళీ అద్దం వెనకే అంటిస్తుంది. ఆదివారం ముట్టుకోదు. చిన్నప్పుడు అది టీచర్ల యూనిఫాం అనుకునేదాన్ని.

ప్రార్థనలో పాస్టరు గారు ఫ్లోరెన్స్ టీచర్ కోసం అడిగారు. అమ్మతోపాటు అదే మండలంలో చేస్తుంది ఆవిడ. కాగితంలో హిందూ, ఎస్సీ అని పెట్టి ఉద్యోగం తెచ్చుకుని చర్చికి వెళ్తోందని ఆవిడ మీద ఎవరో అర్జీ పెట్టారు. విచారణ జరుగుతోంది. జీతం ఆగిందట. అమ్మ తల ఎత్తలేదు.

ఐదు రోజులైంది, అమ్మ ఫ్లెక్సీ గురించి ఒక్క మాట అడగలేదు. రోజూ నందిగామలో బస్సు మారుతుంది, చూడకుండా ఉండదు. నా తరఫున సిగ్గుపడుతోంది పాపం. ఆ లెక్క కూడా సతీష్‌బాబు ఖాతాలోనే రాస్తున్నా.


నవంబరు 24, సోమవారం

బ్లేడు కొన్నా. బొట్టు చుట్టూ గుండ్రంగా కోసి తీసేస్తా. దాన్ని కవర్లో పెట్టి ఆయనకే పోస్టు చేస్తా.

పగ కాదు.


నవంబరు 25, మంగళవారం

ముందు సాక్ష్యం కావాలనుకున్నా. బొట్టు లేని అసలు ఫోటో, బొట్టు పెట్టిన ఫోటో పక్కపక్కన పెడితే బెంగళూరు వాళ్ళకి ఇక చెప్పక్కర్లేదు. ఫ్లెక్సీ వేసింది రత్తయ్య. నందిగామ రైతుబజారు దారిలో కొట్టు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, సంతాపాలు అన్నీ ఆయన దగ్గరే.

‘‘నువ్వే కదూ 1390’’ అన్నాడు నన్ను చూడగానే. స్టూలు వేశాడు. ‘‘మొన్ననే కట్టాం, అప్పుడే చిరిగిందా?’’

‘‘బొట్టు మీరు పెట్టారా?’’

‘‘నేనే పెట్టా. కంప్యూటర్లో బొట్ల ఫోల్డరుంది నాకు. కుంకం, తిలకం, చిన్నది, పెద్దది. బతికున్నోళ్ళకి పెడతా, మొగుడు పోయినోళ్ళకి తీసేస్తా. ఒకసారి తారుమారై ఒకావిడ వచ్చి కొట్టినంత పని చేసింది.’’ తనే నవ్వుకున్నాడు.

‘‘సతీష్‌బాబు చెప్తే పెట్టారు. ఆ మాట నాకు రాసివ్వండి.’’

నవ్వు ఆగింది. నన్ను కాస్త జాలిగా చూశాడు. నాకు జాలి పడదు.

‘‘ఆయన చెప్పలేదు తల్లా. నేను మొదట బొట్టు లేకుండానే చేశా. ఆయన ఓకే అన్నాడు కూడా. తర్వాత ఆయనా, మీ అమ్మగారూ కలిసి వచ్చారు. ఇదిగో, నువ్వు కూర్చున్న స్టూలు మీదే కూర్చుంది ఆవిడ. చిన్న బొట్టు పెడితే చాలదంది. బస్సు దిగేవాళ్ళకి కనపడాలి, ఇంకొంచెం పెద్దది పెట్టు బాబూ అంది.’’

ఒప్పుకోవాల్సినవాళ్ళు ఒప్పుకున్నారులే.

ఇంటికెలా వచ్చానో తెలీదు.


నవంబరు 26, బుధవారం

ఏమీ రాయను.


నవంబరు 27, గురువారం

అమ్మ బడి నుంచి వచ్చి బొట్టు తీసి అద్దానికి అంటించి, వంటింట్లో గోంగూర ముందేసుకుని కూర్చుంది. రెండు రోజులుగా నేను మాట్లాడటం లేదు, తనూ అడగలేదు. గుమ్మంలో నిలబడి అడిగేశా.

‘‘బొట్టు నువ్వు పెట్టించావా?’’

ఆకులు తుంచడం ఆపలేదు. ‘‘చెప్పాడా రత్తయ్య.’’

‘‘నా ముఖం మీద. నన్నడక్కుండా.’’

‘‘అడిగితే పెట్టనిచ్చేదానివా?’’

‘‘అమ్మా.’’

‘‘కూర్చో. గుమ్మంలో నిలబడకు.’’ నేను కూర్చోలేదు. ‘‘నీ ఫోటో వేస్తున్నాడని తెలిసి, వద్దని చెబుదామనే వెళ్ళా. ఎంతో మర్యాద చేశాడు. కాఫీ తెప్పించాడు. వద్దండీ అన్నా. ఫ్లోరెన్స్ టీచర్ సంగతి విన్నారా టీచర్ గారూ, అన్నాడు. అంతే. ఇంకో మాట అన్లేదు. కాఫీ తాగండి చల్లారిపోద్ది అన్నాడు.’’

‘‘బెదిరించాడు.’’

‘‘ఏమని? కాఫీ తాగమన్నాడని కేసు పెడతావా?’’ గోంగూర కాడలు పక్కకి తోసింది. ‘‘వెయ్యక మానడని తెలిసింది. నందిగామ బస్టాండు అంటే మా హెడ్మాస్టరు, ఎంఈవో ఆఫీసువాళ్ళు, అందరూ బస్సు దిగే చోటు. అక్కడ నా కూతురు బోడినుదుటితో వేలాడితే, పరిమళ టీచర్ కూతురటగా, వీళ్ళూ ఫ్లోరెన్సు వాళ్ళ చర్చేనా అని ఎవడో ఒకడు అంటాడు. ఆ ఒక్కడు చాలు. బొట్టన్నా పెట్టించండి బాబూ అన్నా. దానికేముందమ్మా, ఒక చుక్కేగా అన్నాడు.’’

‘‘ఉద్యోగం వచ్చినప్పట్నుంచీ ఇలా భయపడుతూనే ఉన్నావా?’’

‘‘భయం మొదట్లో. తర్వాత అలవాటు.’’ అప్పుడు తలెత్తింది. ‘‘నీకు మహిమ అని ఊరికే పెట్టాననుకున్నావా? రెండు పక్కలా చెల్లే పేరని ఏరి పెట్టా. మా నాన్న నాకు పరిమళ అని పెట్టిందీ అందుకే. ఎక్కడ ఏది పంపాలో అది పంపుకుంటూ వచ్చాం. నువ్వు తేదీ చూసి స్కోరు పంపడం ఇప్పుడు నేర్చుకుంటున్నావు. మాకు పుట్టినప్పట్నుంచీ అదే పరీక్ష.’’

‘‘అది అబద్ధం’’ అన్నా. గొంతు నాది కాదు, కరపత్రానిది.

‘‘అబద్ధమే. మరి తాతలు చేసిన కూలి నిజం. మా నాన్నని గ్లాసు వేరే పెట్టి టీ తాగించింది నిజం. ఏసుని నమ్మగానే ఆ గ్లాసు మారిందా? కాగితంలో మాత్రం మారిపోవాలంటారు. నాకు చెప్పకే నిజం గురించి. రాత్రి ప్రార్థనలో నిజమే చెప్పుకుంటా. ఆయన సర్టిఫికెట్టు అడగడు.’’

అమ్మ మళ్ళీ ఆకులు తుంచడం మొదలెట్టింది.

‘‘ఉషశ్రీ ఫోన్ చేసింది నాకు’’ అంది మెల్లగా. ‘‘రెండు స్కోర్లూ పంపి, ఏదో పెద్ద ఉత్తరం రాస్తున్నావట. ఏం రాశావు?’’

చెప్పా. మొత్తం చెప్పా. క్రైస్తవురాలినైన నా ముఖాన అన్న ముక్క దగ్గర ఆగిపోయా. నా నోటితో అంటుంటే నాకే వినపడింది.

అమ్మ గోంగూర గిన్నె పక్కన పెట్టింది. ‘‘ఆ మాట రాసి, అదే కవర్లో హిందూ అని సర్టిఫికెట్టు పెడతావు. స్కాలర్‌షిప్పు నీకు రాదు, సరే. వాళ్ళు ఆ కాగితం పట్టుకుని ఇక్కడ విచారిస్తే, సతీష్‌బాబు మీదికి వస్తారా, నా మీదికి వస్తారా?’’

నేను ఇన్నాళ్ళూ పదును పెట్టింది ఎవరి కోసమో అప్పుడు కనపడింది.

‘‘నాకు తట్టలేదు’’ అన్నా.

‘‘కోపంలో తట్టదు’’ అంది. ‘‘పో, ముఖం కడుక్కో.’’


నవంబరు 28, శుక్రవారం

సతీష్‌బాబు సోంపు డబ్బా గుర్తొస్తోంది. అమ్మకి కాఫీ, నాకు సోంపు. మా ఇద్దరికీ మర్యాద చేశాడు.

పగ కాదు పగ కాదు అని రాసుకున్నవన్నీ చదివా. పగే. సిగ్గేం లేదు. తప్పు పగలో లేదు. దాన్ని నా స్కోరు మీద పెట్టి విసరబోయా, తగిలేది మా అమ్మకి.


నవంబరు 29, శనివారం

పంపేశా. 1390 ఒక్కటే.

1090 పక్కన చిన్న గడి ఉంది, టిక్కు పెట్టమని. దాని మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నా. ఆ 1090 నాది కూడానే. ఆయన నవ్విస్తే నిలబడ్డది ఆ 1090తోనే. దాన్ని పూడ్చిపెట్టడం లేదు. ఇంట్లో ఉంచుకుంటున్నా, అమ్మ ఆదివారాన్ని ఉంచుకున్నట్టు.

‘ఇంకేమైనా చెప్పదలచుకున్నారా’ గడి ఖాళీగా వదిలేశా. కోచింగ్ ఎక్కడన్న చోట గీత పెట్టా.

మొదటి పేజీలో రాసుకున్న వాక్యం కొట్టేశా. కొట్టేశాక కూడా కనపడుతోంది. అద్దె అన్న మాట రాసినవాడు సొంతింట్లో ఉండి ఉంటాడు.

బ్లేడు ఇంకా బ్యాగులోనే ఉంది.


నవంబరు 30, ఆదివారం

అమ్మ లేవకముందే లేచా. అద్దం వెనక నుంచి ఒక బొట్టు తీసి పెట్టుకున్నా. పెద్దదే. ఎందుకని నన్నడిగితే నిన్నటిదాకా ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఈ రోజు చెప్పలేను. అమ్మని వెంట తీసుకెళ్ళాలనిపించింది, అంతే.

మొదటి బస్సుకి నందిగామలో దిగా. కొట్లు ఇంకా తెరవలేదు. ఫ్లెక్సీ మీద మంచు. నా ముఖం నాకు ఎదురుగా. బ్లేడు తీసి బొట్టు అంచున ఆనించా. వారం రోజులుగా ఆ గుండ్రాన్ని కోయడం ఎలాగో మనసులో గీసుకుంటున్నా.

స్టూలు మీద కూర్చుని, ఇంకొంచెం పెద్దది పెట్టు బాబూ అంటున్న అమ్మ కనపడింది.

బొట్టు మా అమ్మది. దాన్ని ముట్టుకోలేదు.

వంగి, కింద అక్షరాల దగ్గర కోశా. నాలుగు గీతలు. ‘మా’ ఊడొచ్చింది. ఫ్లెక్సీ గట్టిది, చెయ్యి నొప్పెట్టింది, అంచు కొంచెం వంకర పోయింది. ‘విద్యార్థిని చి. మహిమ’ మిగిలింది. ఎవరి విద్యార్థినో లేదు. నాకు అది చాలు.

ఆ పసుప్పచ్చ ముక్క మడతపెట్టి, సెంటర్ షట్టర్ కింద నుంచి లోపలికి తోశా. ఆయనది ఆయనకి.

ప్రార్థన వేళకి తిరిగొచ్చేశా. అమ్మ నా నుదుటి వైపు చూసింది. చెయ్యి చాచి బొట్టు తీసి అద్దం వెనక అంటించింది. ‘‘ఈ వేళ ఆదివారమే’’ అంది.


డిసెంబరు 1, సోమవారం

ఉషశ్రీ ఫోను. నవ్వు ఆగక మాట్లాడలేకపోతోంది.

‘‘ఒసేయ్, నీ ఫ్లెక్సీలో ఎవరో ‘మా’ కోసేశారు. వెనక గోడ మీద ‘ఇచ్చట మూత్రవిసర్జన చేయరాదు’ అని ఉంటుంది చూడు, ఆ కన్నంలోంచి ‘రాదు’ కనపడుతోంది. రాదు విద్యార్థిని అని చదువుకుంటున్నారు జనం.’’

‘‘అయ్యో’’ అన్నా.

‘‘అయ్యో కాదు. సతీష్‌బాబు ఎదురు మెడికల్ షాపు కెమెరా వేయించి చూశాడట. మా నాన్న కూడా అక్కడే ఉన్నాడు. ఎర్రబొట్టు పెట్టుకున్న పిల్లట. అచ్చం మహిమే, కేసు పెడతానని ఎగిరాడట. మా నాన్న, ఆ పిల్ల బొట్టు పెట్టుకోగా నేనెప్పుడూ చూళ్ళేదండీ, మీ ఫ్లెక్సీలో తప్ప, అన్నాడట.’’

‘‘ఆయనేమన్నాడు?’’

‘‘ఏమంటాడు? సోంపు తీసుకోండి అన్నాడట.’’

పిలవనీ. నన్ను పిలిచి, కెమెరాలో ఆ ముఖం చూపించి, ఈ బొట్టేంటమ్మా అని అడగనీ. నిలబడే చెప్తా, మర్యాదగా చెప్తా: మీరే కదండీ పెట్టింది.